చెవులున్న టోపీలు

నీబియా అరిస్మెందీ ఇరవయ్యారేళ్ళు చచ్చినవాళ్ళకు కుట్టింది. మా ఊరు పాసో ఒంబూలో నది దిగువన దోన్ అపారిసియో శవపెట్టెల కొట్టు ఉంది. చెక్క కోయడం, మేకులు దిగ్గొట్టడం ఆయన వంతు. లోపలి శాటిన్ అస్తరు, అంచు చుట్టూ కుచ్చిళ్ళు, తల కింద దిండు నీబియా చేతిపని. దిండుకు రెండు పక్కలా చిన్న గట్లు లేపి, తల అటూ ఇటూ ఒరిగిపోకుండా చెవుల పైదాకా మెత్తగా పట్టుకునేట్టు కుట్టేది. ఆ పనితనం చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు. మా మేనత్త పోయినప్పుడు కళ్ళారా చూశాను. బతికుండగా ఆవిడ ఏనాడూ అంత సుఖంగా పడుకుని ఎరగదు.

నా పేరు మిల్తోన్. ఊరి అవతల గొర్రెల బీళ్ళ మధ్య ఉన్న బడిలో పంతుల్ని. జనవరి, ఫిబ్రవరి మాకు ఎండాకాలం సెలవలు. నా అసలు ఉద్యోగం అప్పుడే మొదలవుతుంది. మా ముర్గా జట్టుకు పాటలు రాస్తాను, పెద్ద డోలు వాయిస్తాను. పదమూడు గొంతులు, మూడు వాద్యాలు. ముఖాలకు రంగు పూసుకుని, తళుకు బట్టలు తొడుక్కుని, ఏడాది పొడుగునా పైవాళ్ళు మమ్మల్ని పెట్టిన తిప్పలన్నిటినీ కార్నివాల్ నెలలో వేదికెక్కి పాటల్లో ఉతికి ఆరేస్తాం. మా జట్టు పేరు ‘రైలుకట్ట తిండిపోతులు’. జట్టుకు పెద్ద మంగలి ఎల్బియో. గడ్డం గీస్తూ గీస్తూనే, వీధిలో ఎవడు శ్రుతి తప్పి ఈల వేశాడో పేరు పెట్టి చెప్పగలడు.

ఆ ఏడాది జనవరిలో దేశమంతా ప్రయాణికుల రైళ్ళు ఆపేశారు. మా ఊరు పుట్టిందే స్టేషన్ చుట్టూ. ఇక నేను పాటకు వేరే సంగతి ఎక్కడ వెతుక్కోను? రైలు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద సామాను మిగిలిపోయింది. ఆ సామానే నోరు తెరిచి పాడుతుంది. పెట్టెలు, మూటలు, కోళ్ళ గంప, చుట్టచుట్టిన పరుపు. రాసి వినిపిస్తే ఎల్బియో కత్తి కిందపెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. కుర్చీలో ఉన్నాయన సగం గడ్డంతో అరగంట కూర్చున్నాడు.

పాట కుదిరింది గానీ బట్టలు కుదరలేదు. మాకు ఏటా కుట్టే ముసలి దర్జీ క్రిస్మస్‌కని సాల్తోలో కూతురింటికి పోయి తుంటి విరగ్గొట్టుకున్నాడు. జిల్లా పోటీ ఫిబ్రవరి రెండో శుక్రవారం. చేతిలో మూడు వారాలున్నాయి.

“మెరిసే గుడ్డ ఎక్కడుందో నాకు తెలుసు,” అన్నాడు వాల్దెమార్. అతను కసాయి. నూట పది కిలోల మనిషి, మా జట్టుకు మంద్రపు గొంతు.

అలా ముక్కలేమైనా మిగిలాయేమో అడుగుదామని దోన్ అపారిసియో కొట్టుకు వెళ్ళాం. మమ్మల్ని చూడగానే ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

“ఎవరు నాయనా పోయింది?”

“ఎవరూ పోలేదు దోన్ అపారిసియో. శాటిన్ కావాలి.”

“ఎవరూ పోకుండా శాటిన్ దేనికి?”

“పాడటానికి.”

లోపలి గదిలో మిషను ఆగింది. నీబియా గుమ్మం దగ్గరకొచ్చింది. నలభై ఏడేళ్ళ మనిషి, సన్నగా, మోచేతి దాకా దారప్పోగులు అంటుకుని ఉంది.

“ఎంతమందికి?” అంది.

“పాడేవాళ్ళు పదమూడుగురు. వాయించేవాళ్ళం ముగ్గురం.”

“ఒకేసారి పదహారు మందా! బస్సు బోల్తా పడ్డప్పుడు కూడా అంతమంది రాలేదు.” పంటి కింద దారం తెంపింది. “తెల్లది ఒక తాను, లేత ఊదాది ఒక తాను మూలన పడున్నాయి. కుట్టేదెవరు?”

“అదే తెలీక తిరుగుతున్నాం దోన్యా,” అన్నాను. మా వైపు ఆడవాళ్ళని మర్యాదగా అలాగే పిలుస్తాం.

పరాయి ఇంట్లో మంచినీళ్ళు అడిగినట్టు గొంతు తగ్గించి, “నేను కుట్టనా?” అంది.

దోన్ అపారిసియో అదిరిపడ్డాడు. “ఎండలు చూశావా? ముసలివాళ్ళు రాలిపోయే నెల ఇది. ఇప్పుడు నువ్వు పాటలవాళ్ళ వెంట పోతే నా గతేంటి?”

“చచ్చినవాళ్ళు తొందరపడరు దోన్ అపారిసియో.”

“వాళ్ళు పడరు. వాళ్ళ వియ్యంకులు పడతారు!”

చివరికి నాలుగింటి దాకా ఆయనకు, ఆ తరవాత మాకు అని తెగింది. ఇరవయ్యారేళ్ళలో నీబియా ఆయన్ని నోరు తెరిచి అడిగింది అదొక్కటేనట.

మర్నాడు సాయంత్రం మేం పాటలు కట్టుకునే క్లబ్బుకు వచ్చింది. చెక్క బంతులు దొర్లించి ఆడే మైదానం పక్కన పొడుగాటి రేకుల షెడ్డు అది. టేపు మెడలో వేసుకుంది, సుద్దముక్క చెవి మీద పెట్టుకుంది.

“ముందెవరు?”

వాల్దెమార్ ముందుకొచ్చాడు.

“పడుకో,” అంది నీబియా.

“ఏంటి?”

“ఆ బల్ల మీద వెల్లకిలా పడుకో. చేతులు రెండూ ఛాతీ మీద పెట్టుకో.”

ఆ మాట ఆవిడ ఆలోచించి అనలేదు. షెడ్డులో రేకులు ఎగిరిపోయేలా నవ్వులు.

“వాల్దెమార్, చివరి కోరికేదన్నా ఉంటే ఇప్పుడే చెప్పరా!”

“నీ మాంసం కత్తి నాకు రాసిచ్చి పో!”

“వాడికి పెట్టె ఏం చాలుద్దిరా, రెండు తలుపుల బీరువా కావాలి!” అని చిచీ అరిచాడు. చిచీ మా పై గొంతు. పోస్టాఫీసు సైకిలు తొక్కుతాడు, పాడనప్పుడు కూడా ఆ నోరు ఆగదు.

నీబియా ముఖం కందగడ్డలా అయింది. “నాకు నిలబడ్డవాళ్ళని కొలవడం రాదు,” అంది నేల చూస్తూ. టేపు మెడలోంచి తీసి చుట్టేయబోయింది.

ఆ పూట వాల్దెమార్ చేసిన పనికి నేను ఇప్పటికీ అతనికి దణ్ణం పెడతాను. గబగబా వెళ్ళి బల్ల మీద వెల్లకిలా పడుకుని, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. “కొలువు దోన్యా. ఎప్పటికైనా పనికొచ్చే కొలతేగా.”

ఆవిడ కొలిచింది. తెచ్చిన తెల్ల శాటిన్‌ని పడుకున్న మనిషి మీదే పరిచి, భుజాల చుట్టూ కుచ్చిళ్ళు పోసి గుండుసూదులు గుచ్చింది. ఆ చేతుల్ని చూస్తూ చిచీ కూడా నోరు మూశాడు. వేలి కొసతో నొక్కడం, మడవడం, గుచ్చడం. ఒక్కో కుచ్చి పక్కదానికి కవలలా ఉంది. అదయ్యాక, “ఇంక లే,” అంది.

వాల్దెమార్ లేచాడు.

అంతవరకు అణిగి పడున్న కుచ్చిళ్ళన్నీ ఒక్కసారి జారి, విచ్చుకుని, మళ్ళీ దగ్గరపడ్డాయి. గుమ్మంలోంచి పడుతున్న వాలుపొద్దు వెలుగు ఒక మడతలోంచి ఇంకో మడతలోకి నీళ్ళలా పారింది. వాల్దెమార్ ఊరుకోలేక మా ముర్గా నడక నడిచాడు. మోకాళ్ళు ఎత్తి, చేతులు రెండు పక్కలకూ విసిరి, తూలుతున్నట్టు ఉండే నడక అది. శాటిన్ అతనికంటే అర క్షణం వెనక తూలింది.

నీబియా నోట్లో గుండుసూదులు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“మళ్ళీ నడువు.”

నడిచాడు.

“ఇటు తిరిగి.”

నడిచాడు. లెక్కపెట్టాను, పదకొండుసార్లు నడిపించింది.

“దోన్యా, కాళ్ళు పీకుతున్నాయి.”

“మాట్లాడకుండా నడు నాయనా. ఆ భుజం ఎత్తు. ఆఁ, అదీ. దించు. మళ్ళీ ఎత్తు.” నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో నా మీద కోపం లాంటిదేదో ఉంది, ఇన్నాళ్ళూ నేనేదో దాచిపెట్టినట్టు. “మిల్తోన్, బట్ట కదుల్తోంది!”

“కదలదా మరి దోన్యా?”

“నా దగ్గర ఎప్పుడూ కదల్లేదయ్యా.”

ఆ రోజు నుంచి నీబియాని ఆపడం ఎవరి తరమూ కాలేదు. తెల్లవారుజామునే బస్సుల స్టాండుకు పోయి, మూటలు మోసేవాళ్ళు ఎటు వంగుతారో చూసేది. మూసేసిన స్టేషన్లో కావలి ముసలాయన్ని బతిమాలి, సామాన్ల గదిలో ఎవరూ విడిపించుకోని పాత పెట్టెల ముందు గంటలు కూర్చునేది. తాళం దగ్గర తోలు ఎలా పగుల్తుంది, తాడు కట్టినచోట పరుపు నడుము ఎలా నొక్కుకుంటుంది. ఇవి నేను పాటలో రాసినవే గానీ, నేను చూసి రాసినవి కావు. ఆవిడ చూసింది. ఒకరోజు నా ముఖం మీదే అడిగింది, “కోళ్ళ గంప మూత తాడుతో కట్టారని రాశావు, మన వైపు పుల్ల గుచ్చుతారు కదా?” ఇంటికెళ్ళి చరణం మార్చుకున్నాను.

రంగులకు ఊరు ఊరే పనిచేసింది. ఇంటింటా మాతే కషాయం తాగి పారబోసే ఆకు పిప్పి బస్తాలకెత్తి ఆవిడ వాకిట్లోకి చేరింది. ఉడకబెట్టి ముంచితే తెల్లగుడ్డ పాత తోలుపెట్టె రంగుకు తిరిగింది. ఉల్లిపొట్టుతో గడ్డి రంగు. బీట్‌రూట్‌తో ఏదో అనుకుంటే ఇంకేదో అయింది, అదీ వాడింది. మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులతో కొట్టుకు పోతే, అప్పుడే భర్త పోయిన ఒకావిడ చూసి కెవ్వుమందట. అప్పట్నుంచి బేరాలొచ్చినప్పుడల్లా దోన్ అపారిసియో ఆవిడని చెక్కల చాటుకు నెట్టేవాడు.

వాల్దెమార్ తాళ్ళతో కట్టిన పరుపు అయ్యాడు. చిచీ కోళ్ళ గంప. మిగతావాళ్ళు పెట్టెలు, సంచులు, దుప్పటి మూటలు. ఒకడు పక్షిలేని పంజరం. నేను ముళ్ళు లేని స్టేషను గడియారం. టోపీలు మాత్రం ఆవిడ ఎవరికీ చూపలేదు. “ఆదివారం చూద్దురు,” అనేది.

పోటీకి ముందు ఆదివారం మధ్యాహ్నం, మొత్తం అలంకారంతో మొదటిసారి పాడి చూసుకోవాలి. నీబియా దుప్పట్లో కట్టుకుని టోపీలు తెచ్చింది. దుప్పటి విప్పగానే మావాళ్ళు చిన్నపిల్లలైపోయారు. ఒక్కో టోపీ ఒక్కో సామాను నెత్తి. స్పాంజితో కోసి, శాటిన్ తొడిగి, తాళాలు, పట్టీలు, బొత్తాలు అన్నీ కుట్టింది. లోపల మెత్తటి అస్తరు. తలకు పెట్టుకుంటే కదలదు, ఎగిరినా ఊడదు.

“తలగడ మీద పడుకున్నట్టుంది!” అన్నాడు చిచీ.

ఎల్బియో చెయ్యెత్తాడు. నేను డోలు మీద మూడు దెబ్బలు వేశాను. పదమూడు నోళ్ళు తెరుచుకున్నాయి.

అంత ఘోరం నా జన్మలో వినలేదు. పై గొంతులు ఎటో పోయాయి, మంద్రం ఇంకెటో పోయింది. మధ్య గొంతులు రెంటి మధ్యా తప్పిపోయిన గొర్రెల్లా అరిచాయి. మైదానంలో బంతులాడే ముసలివాళ్ళు ఆట ఆపి చూశారు.

“ఆపండి!” ఎల్బియో నెత్తి కొట్టుకున్నాడు. “మధ్యాహ్నం కాల్చిన మాంసంతో పాటు ఏం తాగి చచ్చారు?”

“నీళ్ళే తాగాం!”

“నీళ్ళకి ఇంత నిషా వస్తే నదిలో చేపలు కూడా ఇలాగే పాడాలి. మళ్ళీ!”

మళ్ళీ అదే. మూడోసారి వాల్దెమార్ చెమట పట్టి టోపీ తీశాడు. అతని పక్కవాడూ తీశాడు. ఆ ఇద్దరి గొంతులూ ఇట్టే కలిశాయి. ఎల్బియో చెవికి ఆమాత్రం చాలు. అందరిచేతా తీయించాడు, పాట బంగారంలా వచ్చింది. పెట్టించాడు, మళ్ళీ పాడైంది.

“అర్థమైంది,” అన్నాడు. నీబియా వైపు చూడకుండానే అన్నాడు, అది ఇంకా బాధ. “బట్టలు బాగున్నాయి. టోపీలు వద్దు. కానీ టోపీలు లేకపోతే ఈ బట్టలకి తలలేదు. శుక్రవారం పోటీ. పోయినేడు వేసిన నావికుల బట్టలు ఉతికించండి.”

ముర్గాలో పెద్ద మాటంటే మాటే.

నీబియా వెళ్ళి చిచీ తలమీంచి కోళ్ళ గంప తీసి తను పెట్టుకుంది. “మిల్తోన్, ఏదన్నా మాట్లాడు.”

“ఏం మాట్లాడను దోన్యా?”

“మాట్లాడమంటే మాట్లాడవేం?”

“మాట్లాడానుగా!”

ఆవిడ మెల్లగా టోపీ తీసి, లోపలి అస్తరు మీద వేలుపెట్టి నొక్కింది. చెవులు రెండింటినీ కప్పుతూ లేచిన మెత్తటి గట్లు. వాటిని చూడగానే నాకు మా మేనత్త దిండు కళ్ళముందు కదిలింది. నీబియాకి నాకంటే ముందే తెలిసిపోయింది.

“చెవులు మూసేశాను,” అంది. “ఇన్నేళ్ళూ చెవులతో పనిలేనివాళ్ళకే కుట్టాను కదా. ఉంటాయన్న సంగతే మర్చిపోయాను.”

ఎవరికీ నవ్వు రాలేదు. చిచీకి కూడా.

“పోనీ, రెండు పక్కలా కోసేస్తే?” అన్నాడు వాల్దెమార్.

“తలని పట్టుకునేది అక్కడే. రెండు పక్కలా కోస్తే మొదటి గంతుకే ఊడి కింద పడుద్ది.” నీబియా వెళ్ళి ఎల్బియో ఎదురుగా నిలబడింది. “మంగళవారం దాకా ఆగు ఎల్బియో.”

“ఏం చేస్తావు రెండ్రోజుల్లో?”

“తెలీదు. ముందు నన్ను వాళ్ళ మధ్య నిలబడనీ.”

“పాడతావా?”

“వింటాను.”

ఎల్బియో భుజాలు ఎగరేశాడు. “మంగళవారం సాయంత్రం. అప్పుడూ ఇలాగే ఉంటే నావికులే.”

మేం పాడాం. నీబియా వరసలో వాల్దెమార్ పక్కన నిలబడింది, తరవాత చిచీ ముందు, తరవాత మధ్య గొంతుల నడుమ. ఒక్కొక్కరి భుజానికి తల ఆనించినంత దగ్గరగా నిలబడి, కుడి చెవి మూసుకుని వింది, ఎడమ చెవి మూసుకుని వింది. పాటలో మునిగున్నవాణ్ణి పట్టుకుని ఒక చెవి తన అరచేత్తో కప్పేది. కొందరు గాడి తప్పేవాళ్ళు, కొందరికి ఏమీ అయ్యేది కాదు. ప్రతివాడి పేరు పక్కనా సుద్దతో గోడమీద ఏదో గీసుకుంది. పదమూడుగురినీ పరీక్షించేసరికి బంతులాటవాళ్ళు ఇళ్ళకు పోయారు.

నేను పన్నెండేళ్ళుగా ఆ జట్టులో డోలు కొడుతున్నాను. ఎల్బియో పాతికేళ్ళుగా పాడిస్తున్నాడు. ఆవిడ ఒక్క సాయంత్రంలో కనిపెట్టింది మాలో ఎవరికీ తెలియదు. శ్రుతి పట్టుకోవడానికి ప్రతివాడూ ఒక్క చెవినే వాడతాడు. వాల్దెమార్ ఎడమ పక్కవాణ్ణి వింటాడు. చిచీ కుడి వెనక ఉన్నవాణ్ణి వింటాడు. రెండో చెవి మూసినా వాళ్ళకు తెలియను కూడా తెలియదు.

మంగళవారం టోపీలు తిరిగొచ్చాయి. ప్రతి టోపీకీ ఒక్క పక్కే కోత. ఎవడు ఎటు వింటాడో అటే. రెండో పక్క గట్టు తలని పట్టుకునే ఉంది. కోసినచోట పెట్టె మూత పగిలి వేలాడుతోంది. ఆ పగులులోంచి లోపలి అస్తరు, ఊదా కుచ్చిళ్ళు, భుజం మీదికి జారాయి. గంపలోంచి గడ్డి రంగుది, పరుపు చిరుగులోంచి తెల్లది.

ఎల్బియో వాటి వైపు చూడలేదు. గోడకేసి తిరిగి నిలబడి, “కానివ్వండి,” అన్నాడు. నీబియా తలుపు దగ్గర గడియ పట్టుకుని నిలబడింది.

పాడాం. ఎల్బియో కదల్లేదు.

“మళ్ళీ.”

మళ్ళీ పాడాం. వెనకనుంచి అతని చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. అతను సంతోషపడితే ముందు చెవులకే తెలుస్తుంది. ఇటు తిరిగాడు. అప్పుడు చూశాడు, పైనుంచి కిందికి, ఒక్కొక్కణ్ణీ.

“ఆ మూతలు అలా వేలాడటం కావాలనే చేశావా నీబియా?”

“లేదు. చెవికోసం కోశాను. కోశాక చూస్తే పెట్టె పగిలి లోపలి బట్టలు కారిపోతున్నట్టుంది. ఉండనీలే అనుకున్నాను. రైలు పోయాక సామాను అలాగే కదా ఉండేది?”

ఎల్బియో మావైపు తిరిగాడు. “ఆ నావికుల బట్టలు ఎవరికైనా ఇచ్చేయండ్రా.”

శుక్రవారం మా వంతు వచ్చేసరికి ఇంకా పొద్దు వాలలేదు. నీబియా వేదిక వెనక ఉండనంది. “వెనక నుంచి చూస్తే కుట్లు కనిపిస్తాయి,” అని జనంలోకి పోయి, అందరికంటే వెనక, సాసేజీలు కాల్చే బండి పక్కన నిలబడింది. డోలు వెనకనుంచి ఆ పొగలో ఆవిడ తల నాకు కనిపిస్తూనే ఉంది.

పరుపుని చూసి జనం నవ్వారు. కోళ్ళ గంప రైళ్ళు ఆపిన మంత్రిగారిని తిడితే పొట్టలు పట్టుకున్నారు. చివరి పాటలో, వెళ్ళిపోయిన రైలు కూత కోసం సామానంతా చెవి ఒగ్గే చోటుంది. నేను రాసినప్పుడు అది ఒక వాక్యమే. ఆ రోజు పదమూడు తలలు ఒక్కసారి పక్కకు వాలాయి, ఎవడు ఎటు వింటాడో అటు. పగిలిన మూతలన్నీ ఊగాయి, అస్తర్లు ముందుకు జారాయి. ముందు వరసలో ఒక పాత రైల్వే మనిషి లేచి నిలబడి టోపీ తీశాడు.

పాట అయ్యాక రివాజు ప్రకారం జనంలోకి దిగాం. పిల్లలు పరుపుని గుద్దారు, గంపలో చేతులు పెట్టారు. ఆడవాళ్ళు కుచ్చిళ్ళు పట్టి లాగి చూశారు. నీబియా మోచేతులతో జనాన్ని తోసుకుంటూ వచ్చి వాల్దెమార్‌ని పట్టుకుంది.

“చెయ్యి ఎత్తు. ఇక్కడ బిగుసుకుంది, పాటంతా చూస్తూనే ఉన్నాను. రెండో చరణంలో నీకు చెయ్యి పూర్తిగా లేవలేదు.”

అప్పుడే మైకులో ఫలితాలు చదివారు. మావాళ్ళు గాల్లోకి ఎగిరారు.

“మూడోది దోన్యా!” చిచీ ఆవిడ చెవిలో అరిచాడు. “మూడో బహుమతి!”

“విన్నాను. వాల్దెమార్, నువ్వు చెయ్యి దించకు.” చంకలో కుట్టు విప్పుతూనే నా వైపు తిరిగింది. “మిల్తోన్, వచ్చే ఏడు దేని మీద రాస్తున్నావు?”

“ఈ ఏటిదే ఇంకా అవలేదు దోన్యా! రేపటి నుంచి వరసగా తొమ్మిది ఊళ్ళు తిరగాలి.”

“పాటంతా చెప్పొద్దులే. తడిసిందా, ఎండిందా, ఎగిరేదా? అదొక్కటీ చెప్పు చాలు.”

నోటికొచ్చింది అన్నాను. “తడిసింది.”

నీబియా చేతులు ఆగాయి. ఆ గోలలో, ఆ పొగలో, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది. వాల్దెమార్ చెయ్యి ఎత్తిపట్టుకునే ఉన్నాడు.

“తడిసిన బట్ట బరువుగా కదుల్తుంది,” అంది కళ్ళు తెరిచి. “సరే. రాసుకో.”

మరుసటి ఏడు నేను వరద మీద రాశాను. వేరే దారి ఏముంది, ఆవిడ అప్పటికే సగం కుట్టేసింది.